కొల్లేటిలో వన్స్‌మోర్

తాతాజీ టీకొట్టు ముందు బెంచీ మీద పద్మనాభం గారు కూర్చుంటే పక్కవాళ్లకి చోటుండదు. మనిషి లావని కాదు, చేతుల వల్ల. నోరు విప్పారంటే ఆ రెండు చేతులకీ స్టేజీ అంత జాగా కావాలి. తాడేపల్లిగూడెం మార్కెట్టులో బెల్లం కొట్టు ఆయనది. ఊళ్లో ఏ పద్యనాటకం ఆడినా రాజు వేషం కూడా ఆయనదే. బెల్లం తూకంలో గోరంత తేడా రానివ్వని పెద్దమనిషి, మాటల దగ్గరికొచ్చేసరికి కాటా తీసి అవతల పెట్టేస్తారు.

రోజూ అయితే ఆయన కోతలు విని నవ్వుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఆ సాయంత్రం మాత్రం నవ్వడానికి కాదు, నిజం తెలుసుకోవడానికి చేరారు. రెండేళ్ల కిందటి తుపానుకి ఊళ్లో నాటకాల స్టేజీ మీది రేకులు ఎగిరిపోయాయి. అప్పట్నుంచీ ఏటా జరిగే నాటకపోటీలు ఆగిపోయాయి. ప్రభుత్వం కళలకిచ్చే నిధుల్లో ఈ ఏడైనా ఈ స్టేజీ పేరు పడకపోతే, ఆ స్థలం బండ్లు పెట్టుకోవడానికి ఇచ్చేస్తారని ఊరంతా అనుకుంటోంది.

సరిగ్గా ఆ సమయానికి శాసనసభ కమిటీ ఒకటి కొల్లేరు చూడ్డానికి వచ్చింది. మండవల్లి దగ్గర పడవెక్కుతారని కబురు తెలిసింది. నాటక సమాజం సెక్రటరీ ఉమాకుమారి హైస్కూల్లో టీచరు. తనే వెళ్దామనుకుంది గానీ పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. హార్మోనియం వాయించే సూర్యప్రకాశరావు మాస్టారికి పడవంటే ఒళ్లు వణుకు. ఇక మిగిలింది పద్మనాభం గారు. ఆయనకి చెప్పవలసిన మాటలు ఉమాకుమారి బెల్లం కొట్లో నిలబడి డైలాగులా వల్లె వేయించింది. "అయ్యా, మా గూడెం స్టేజీకి పైకప్పు లేదు. కళల నిధుల్లోంచి ఇప్పించండి. సభలో మా ఊరి మాట ఒక్కటి వెయ్యండి." అంతే. జీవితంలో స్టేజీ మీద డైలాగు మర్చిపోయిన మనిషి కాదు కదా అని ధైర్యం. అయినా పరీక్ష హాల్లో ఆ పూటంతా ఆవిడ మనసు మనసులో లేదు. ఆవిడ దగ్గర పద్యాలు నేర్చుకునే ఆడపిల్లలు స్కూలు వరండాలో రిహార్సల్సు చేసి చేసి, "స్టేజీ ఎప్పుడెక్కుతాం టీచర్?" అని అడగడం కూడా మానేశారు. ఆ మానెయ్యడం చూసే ఆవిడకి భయం వేసింది.

"వెళ్లిన పని ఏమైందండీ బాబాయి గారూ?" అంది ఉమాకుమారి, ఆయన టీ గ్లాసు పట్టుకోగానే.

"చెబుతానమ్మా. ముందు నన్ను పడవెక్కనియ్యి," అన్నారు పద్మనాభం గారు, చెయ్యి గాల్లోకి లేపి. "రేవు దగ్గరికి వెళ్లేసరికి కార్లే కార్లండీ, దుమ్మే దుమ్ము, పోలీసాయన ఒకడు చెయ్యి అడ్డం పెట్టి ‘ఎవరండీ తమరు?’ అన్నాడు. నేనేమీ అనలేదు. రాజు వేషంలో నిండు సభలోకి వస్తూ ఒక చూపు చూస్తాను చూడండి, అదిగో, అది చూశాను. అంతే, ఠక్కున సెల్యూట్ కొట్టి పక్కకి తప్పుకున్నాడు."

"షావుకారు గారూ, ఆ పడవ తమ మేనల్లుడు పనిచేసే చేపల చెరువులాయనదే కదండీ?" అన్నాడు తాతాజీ టీ వడపోస్తూ.

"వాడు చెయ్యి అందించాడయ్యా, అంతే. ఎక్కింది నేను. సరే, పడవలో ఎమ్మెల్యేలు. అటు పార్టీ వాళ్లు ఆ కొసన, ఇటు పార్టీ వాళ్లు ఈ కొసన. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మధ్యలో నేను, తక్కెడ ముల్లులాగ. నేను అటు ఒరిగితే ప్రభుత్వం మునుగుతుంది, ఇటు ఒరిగితే ప్రతిపక్షం మునుగుతుంది, అలా ఊపిరి బిగబట్టి కూర్చున్నానండీ. నడిమధ్యకి వెళ్లాం. చుట్టూ గుర్రపుడెక్క. అది మోటారుకి చుట్టుకుని గుడుగుడుమని ఆగిపోయింది. ఇటు ఒడ్డు లేదు, అటు ఒడ్డు లేదు. ఎమ్మెల్యే అన్నవాడు కదలకుండా మనకి దొరికే చోటు భూమ్మీద ఎక్కడైనా ఉందా చెప్పండి? నీళ్ల మీద దొరికారు!"

ఉమాకుమారికి ప్రాణం లేచొచ్చింది. నిజమే, అంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది? "అప్పుడు చెప్పేశారా?" అంది.

"ఉండమ్మా. కమిటీ చైర్మన్ గారని పెద్దాయన ఉన్నారు, ఆయనే నన్ను పలకరించారు. ‘పెద్దాయనా, తమరేం చేస్తుంటారు?’ అన్నారు. ‘నాటకాలాడతానండీ, రాజు వేషం’ అన్నాను. ‘ఊరికే కూర్చోడమెందుకు, ఏదీ, ఒక పద్యం అందుకోండి’ అన్నారు. మరి పద్యం అడిగితే డైలాగు చెబుతామా?"

"చెప్పం, చెప్పం," అన్నారు సూర్యప్రకాశరావు మాస్టారు. పద్యం అనగానే ఆయన వేళ్లు మోకాలి మీద మెట్లు వెతుక్కుంటున్నాయి.

"ఎత్తుకున్నానండీ మోహనలో! ఆ మోటారు ఉంది చూశారూ, దాని మోత సరిగ్గా నా శృతి. తంబురా కూడా అంత నిలకడగా మోగదు."

"మోటారు ఆగిపోయిందన్నారు కదండీ?"

"మోటారు ఆగింది మాస్టారూ, శృతి ఆగలేదు! అదే కదా నేను చెప్పే వింత. పద్యం సగానికి వచ్చేసరికి, ఫోనులో మాట్లాడుతున్న మీసాల ఎమ్మెల్యే గారు ఒకాయన, ఫోను జారి కొల్లేట్లో పడిపోతే తలైనా తిప్పలేదండీ. బుడుంగుమంది. అడుగునించి అవతలి మనిషి ‘హలో, హలో’ అంటున్నాడు, ఈయన ‘ష్, పద్యం’ అంటున్నాడు. ఇక చివర రాగం తీశాను. ఎంతసేపు తీశానంటారు? తీయడం మొదలెట్టినప్పుడు గుడ్డులో ఉన్న గూడబాతు పిల్ల, ఆపేసరికి ఎగిరి వెళ్లిపోయింది."

బెంచీ మీద అంతా ఘొల్లుమన్నారు. ఉమాకుమారికీ నవ్వు ఆగలేదు. ఈ మనిషిని తిట్టుకోవడమూ కష్టమే, తిట్టుకోకుండా ఉండటమూ కష్టమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నారు పద్మనాభం గారు. ఈసారి గొంతు తగ్గించారు. "చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. ‘వన్స్‌మోర్’ అన్నారు."

ఆ ఒక్కటి చెప్పేటప్పుడు ఆయన చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. చూపు టీకొట్టు దాటి ఎక్కడికో పోయింది. ఇది నిజంగానే జరిగిందని ఉమాకుమారికి ఆ చేతుల్ని చూస్తే తెలిసింది. పద్యం పాడేవాళ్లకి ఆ మాట ఎలాంటిదో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. డబ్బులిచ్చినా, శాలువా కప్పినా రాని పొంగు అది. జనంలోంచి వన్స్‌మోర్ అని వినపడితే చచ్చిపోయే సీన్లో ఉన్న రాజు కూడా లేచి, మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోవలసిందే. స్టేజీ మూతపడ్డాక పద్మనాభం గారు ఆ మాట విని రెండేళ్లయింది.

"పాడారా?" అన్నారు మాస్టారు, మెల్లిగా.

"పాడనా! అన్నవాడు చైర్మనైనా చెప్పులు కుట్టేవాడైనా వన్స్‌మోర్ వన్స్‌మోరే కదా. పాడాను. ఆ రెండోసారికి గుర్రపుడెక్క ఉంది చూశారూ, అది ముడి విప్పుకుని, ‘రండి రండి’ అన్నట్టు రెండు పక్కలకీ జరిగి దారిచ్చింది. మిషన్లు పెట్టి పీకినా పోని డెక్క! పడవ దానంతటది కదిలిందండీ. డీజిలు లేదు, గెడ లేదు. నేను పైస్థాయికి వెళితే పడవ వేగం, కిందికి దిగితే నెమ్మది. ఒకచోట గమకం వేశాను, పడవ మలుపు తిరిగింది."

"ఆయ్, మరి రేవులో ఆపడం ఎలాగండీ?" అన్నాడు తాతాజీ.

"దగ్గాను. ఆగింది."

"అయితే రేవు వచ్చేసిందన్న మాట," అంది ఉమాకుమారి. "అక్కడ చెప్పారా?"

పద్మనాభం గారు ఆవిడ వంక చూడలేదు. చప్పున చేతులు మళ్లీ పైకి లేచాయి. "రేవెక్కడమ్మా, అప్పుడే! మీసాలాయన ‘వన్స్‌మోర్’ అన్నారు. ఇటు పార్టీ ఆయన అన్నాక అటు పార్టీ ఆయన ఊరుకుంటారా? ‘మా తరఫున కూడా వన్స్‌మోర్’ అన్నారు. పడవ తిప్పేశాను. అప్పుడు లేచాయండీ చేపలు! కొర్రమీనులు, జెల్లలు, ఇంతేసి బొచ్చెలు, నీళ్లమీదకొచ్చి తోకల మీద నిలబడ్డాయి. వలేసినా పడని ముసలి కొర్రమీను ఒకటి, పడవ అంచు మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని, తలూపుతూ వింటోంది."

"చేపలకి కనురెప్పలుండవు కదండీ పద్మనాభం గారూ," అన్నారు మాస్టారు.

"ఉండవు! ఆవేళ మొలిచాయి!"

తాతాజీ పొంగిన పాలు చూసుకోలేదు. పొయ్యి మీద చుయ్యిమన్నాక గిన్నె దించాడు.

"ఆ చేపల మీద ఒక్క కొంగ వాలలేదు, ఒక్క గూడబాతు నోరు తెరవలేదు. ఆటపాక పక్షుల కేంద్రం నుంచి వచ్చినవి వచ్చినట్టు పడవ చుట్టూ వరసల్లో కూర్చున్నాయి, నేల టికెట్టువి ముందూ కుర్చీ టికెట్టువి వెనకానూ. అదంతా చూసి మీసాలాయన బోరుమని ఏడ్చారు. ఆయన తువ్వాలు తడిసిపోతే అటు పార్టీ ఆయన తన తువ్వాలిచ్చారు. రంగులు చూసుకోలేదండీ! ఒకరి తువ్వాలు ఒకరు కప్పుకుని దిగారు పాపం, రేవులో కార్యకర్తలు ఎవరికి జై కొట్టాలో తెలీక ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు."

"నిధుల మాట ఏమన్నారండీ?" అంది ఉమాకుమారి. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"అక్కడికే వస్తున్నాను! చైర్మన్ గారు కళ్లు తుడుచుకుని, ‘ఇంక అసెంబ్లీ దాకా ఎందుకు, ఈ పడవే శాసనసభ’ అన్నారు. అనడమేమిటి, పడవ మధ్య బల్లమీద కూర్చున్నారు. ఒక పెద్ద గూడబాతు వచ్చి పక్కన నిలబడి ముక్కుతో బల్ల మీద ఠకఠకమని కొట్టింది. సభ నిశ్శబ్దం. తీర్మానం చదివారు. ప్రతి మండలానికీ ఒక నాటకశాల. ఏలూరులో కట్టేది అన్నిటికంటే పెద్దది, స్టేజీ ఏలూరులో, చివరి వరస వట్లూరులో. చివరి వరస వాళ్లు రాజు మొహం చూడాలంటే ఇంటర్వెల్లో బస్సులు వేస్తారు. నటులందరికీ కిరీటాలు, అట్టవి కాదు. కొల్లేటి మధ్యలో తేలే స్టేజీ ఒకటి, తెర లాగడానికి గూడబాతుల్ని పర్మనెంటు చేశారు. హార్మోనియం వాయించే ప్రతివాడికీ గవర్నమెంటు కారు!"

"కారొద్దండీ," అన్నారు సూర్యప్రకాశరావు మాస్టారు. ఆ మాటల్లో పడి ఆయన ఒక్క క్షణం నిజమే అనుకున్నట్టున్నారు. "నా హార్మోనియం తిత్తి గాలి పోతోంది. అది బాగు చేయిస్తే చాలు."

"తిత్తి కూడా! ప్రతి హార్మోనియానికీ కొత్త తిత్తి! అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండన్నారు. అటు పార్టీ, ఇటు పార్టీ, పడవ నడిపేవాడు, రెక్కలున్నవి రెక్కలు, తోకలున్నవి తోకలు, అన్నీ లేచాయి. వ్యతిరేకం ఒక్కటీ లేదు. ఒక్క పీత మాత్రం పక్కకి నడుచుకుంటూ సభలోంచి వాకౌట్ చేసింది."

నవ్వులు టీకొట్టు దాటి రోడ్డు మీదికి వెళ్లాయి. సైకిలు మీద పోతున్నాయన కూడా ఆగి ఏమిటేమిటన్నాడు. ఆ నవ్వుల మధ్య ఉమాకుమారి ఒక్కర్తీ గ్లాసు బెంచీ మీద పెట్టి అడిగింది.

"బాబాయి గారూ. మరి గూడెం స్టేజీ?"

"ఆఁ?"

"అన్ని మండలాలకీ వచ్చాయి, ఏలూరుకి వచ్చింది, కొల్లేటిలో చేపలకి కూడా వచ్చింది. మన గూడెం స్టేజీకి పైకప్పు?"

పద్మనాభం గారు రెండు చేతులూ పైకి లేపారు. లేపిన చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. మెల్లిగా దించి గ్లాసు అందుకున్నారు. అందులో టీ ఎప్పుడో చల్లారిపోయింది. "దానిదేముందమ్మా," అన్నారు. "అది… ఎంతని. చిన్న విషయం."

ఉమాకుమారికి అప్పుడు తెలిసిపోయింది. చేపలకి రెప్పలు మొలిపించిన మనిషి, నాలుగు రేకులు మొలిపించలేకపోయారు. ఆయన ఆడినవన్నీ ఎవరూ నమ్మని అబద్ధాలు. ‘పైకప్పు ఇస్తామన్నారు’ అంటే అందరూ నమ్మేస్తారు, ఆశ పడిపోతారు. అందుకే ఆ ఒక్క మాటా ఆయన నోట రాలేదు.

"మీరు అసలు అడగలేదు," అంది.

తాతాజీ స్టవ్వు సన్నం చేశాడు. మాస్టారి వేళ్లు మోకాలి మీద ఆగిపోయాయి.

"వాళ్లు వన్స్‌మోర్ అంటూనే ఉన్నారు. మీరు పాడుతూనే ఉన్నారు. ఈలోగా డెక్క తీసేసి పడవ వాళ్లు రేవుకి చేర్చేశారు. వాళ్లు కార్లెక్కి వెళ్లిపోయారు. అవునా కాదా?"

"మర్చిపోలేదమ్మా," అన్నారు పద్మనాభం గారు. ఆ గొంతులో రాజు లేడు, బెల్లం కొట్టు షావుకారు కూడా లేడు. "నీ మీద ఒట్టు, ఒక్క ముక్క మర్చిపోలేదు. నోటి చివరిదాకా వచ్చింది. చైర్మన్ గారు కూడా దిగేముందు అడిగారు, ‘ఏమైనా పని మీద వచ్చారా?’ అని. అప్పుడే పద్యం ముగించాను. వాళ్లంతా ఇంకా నన్ను రాజుగానే చూస్తున్నారమ్మా. గద తిప్పినట్టు తిప్పిన ఆ చేతులే ఎలా జోడించను? ‘ఏమీ లేదండీ, ఊరికే’ అనేశాను. వాళ్లు వెళ్లిపోయాక రేవులో నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను."

ఉమాకుమారికి ఒళ్లు మండిపోయింది. వరండాలో పిల్లల మొహాలు కళ్లముందు మెదిలాయి. ఒక్క మాట, నోరు తెరిచి ఒక్క మాట! వేషం కట్టకుండానే ఎక్కిన రాచరికం దిగలేకపోయాడట ఈయన. గట్టిగా అనేద్దామనే అనుకుంది. ఆయన వంక చూస్తే మాత్రం, సగం చాక్లెట్టు తినేసి మిగతా సగం జేబులో కరిగిపోయిన పిల్లాడిలా కూర్చుని ఉన్నారు. రెండేళ్లు ఎండిన మనిషికి గుక్కెడు నీళ్లు దొరికితే, దాహం తీరకముందే బిందె దించి పక్కవాళ్ల సంగతి అడగడం ఎవరివల్ల అవుతుంది? ఆవిడకి కోపం పోలేదు. కోపంతో పాటు జాలి కూడా వచ్చి కూర్చుంది.

"చెయ్యి చాచమనలేదు కదండీ మిమ్మల్ని," అంది చివరికి. "ప్రభుత్వం కళలకి పెట్టిన నిధులే అవి. జనం కూర్చుని నాటకం చూసే చోటుకి ఒక కప్పు అడగమన్నాం."

"తెలుసమ్మా. ఇక్కడ బెల్లం కొట్లో నిలబడితే అదే తెలుస్తుంది. అక్కడ తెలీలేదు."

"నిజం చెప్పండి. వన్స్‌మోర్ అన్నది నిజమేనా?"

"అది నిజం," అన్నారు, ఒక్కసారి తలెత్తి. "అదొక్కటీ నిజం. మీసాలాయన ఫోను కూడా పడలేదు. కానీ కట్టేశాడమ్మా. మోగుతుంటే కట్టేశాడు."

సూర్యప్రకాశరావు మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. మోగుతున్న ఫోను ఎమ్మెల్యే కట్టేయడం చేపలు తోకలమీద నిలబడటం కంటే పెద్ద వింతేనని ఆయనకనిపించింది. ఆ మాట పైకే అన్నారు.

"ఎక్కడున్నారు వాళ్లిప్పుడు?" అంది ఉమాకుమారి.

"ఏలూరు గెస్టుహౌసులో. పొద్దున్న టిఫిన్లు చేసి బయల్దేరతారని మా మేనల్లుడు అన్నాడు."

"రేపు పరీక్ష లేదు. మొదటి బస్సుకి వెళ్దాం. మాస్టారూ, మీరూ రండి, అక్కడ పడవుండదు. హార్మోనియం తెచ్చుకోండి."

"తిత్తి…" అన్నారు మాస్టారు.

"చేత్తో అదిమి పట్టుకోండి."

పద్మనాభం గారు కంగారుగా లేచి నిలబడ్డారు. "మళ్లీ నన్నే అడగమంటావా అమ్మా? మళ్లీ పాడమంటారు వాళ్లు. పాడితే మళ్లీ అంతే అవుతుంది, నా సంగతి నాకు తెలుసు."

"మీరడగొద్దండీ. మీరు పాడండి. వాళ్లు ఎన్నిసార్లంటే అన్నిసార్లు పాడండి. చేతులు జోడించొద్దు, రాజులాగే నిలబడండి. నాటకంలో మాత్రం రాజు లేచి అడుగుతాడా ఎక్కడైనా? మంత్రి అడుగుతాడు. నేనడుగుతాను."

పద్మనాభం గారు ఆలోచించారు. ఈయన నవ్వుతారేమో, మళ్లీ ఏదైనా కోత కోస్తారేమోనని అందరూ చూశారు. నాటకం మాటొచ్చాక ఆయన హాస్యమాడరు. నిజంగానే ఆ సీను మొత్తం మనసులో ఒకసారి నడిపించుకుని చూసుకున్నారు.

"కానీ ఆ సీన్లో మంత్రికి ఒక్క పద్యం కూడా లేదమ్మా," అన్నారు, ఆవిడకి అన్యాయం జరిగిపోతోందన్నట్టు.

"లేదు కాబట్టే అడగ్గలనండీ," అంది ఉమాకుమారి.